ఇరవై మూడో కాలమ్

నాలుగు గంటలకు ఇరవై మూడో కాలమ్‌లో కాంక్రీటు పోస్తారు. పర్వతాలు శామీర్‌పేట సైటు గేటు ముందు స్కూటరు ఆపేసరికి పదకొండు ఇరవై అయింది. ఒకసారి కాలమ్ లేచిందంటే దాని కింద ఏముందో తవ్వి చూడటానికి ఏ అధికారీ ఒప్పుకోడు. ఆ సంగతి అతనికి తెలుసు. వెనక సీటు మీంచి దిగిన బిందుకూ తెలుసు.

బిందు భర్త అరుణ్ అక్కడ కడుతున్న స్టేడియానికి కొలతలు చూసే ఇంజనీరు. ఏ కాలమ్ ఎక్కడ లేవాలో, గుంత ఎంత లోతుకు పోవాలో చూసి సంతకం పెట్టడం అతని పని. కిందటి వారం మంగళవారం పొద్దున గాజులరామారంలో ఇంటినుంచి బయలుదేరినవాడు తిరిగి రాలేదు. ముందు రోజు రాత్రి ఇరవై మూడో గుంత తనకు నచ్చలేదని మాత్రం బిందుతో అన్నాడు. తొమ్మిది రోజులైంది.

పోలీసులు పారిపోయాడన్నారు. సుచిత్రలో జిరాక్స్ షాపు పైన ఒక్క గదిలో కూర్చుని, తప్పిపోయినవాళ్ళను వెతికే పర్వతాలు దగ్గరకు బిందు అప్పుడే వచ్చింది. అతనికి అరవై రెండేళ్లు. ఏఎస్సైగా రిటైరయ్యాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"ఉన్నడో లేడో ఒక్క మాట జెప్పు కాకా. ఉన్నడంటె తిడ్త. లేడంటె ఏడుస్త. గీ నడిమిట్ల నేనుండలేను."

వాచ్‌మన్ బిందును లోపలికి రానివ్వలేదు. ఆమె ప్రహరీ రేకుల నీడలో కూర్చుంది. పర్వతాలు ఒక్కడే లోపలికి నడిచాడు.

సైటు ఆఫీసులో, గాజు డబ్బాలో, స్టేడియం బొమ్మ ఉంది. కోడిగుడ్డును అడ్డంగా కోసి బోర్లించినట్టు తెల్లటి డోమ్. దాని చుట్టూ వేలెడంత మేడలు, అగ్గిపుల్ల తలలంత మనుషులు. ఇక్కడో కొత్త పట్టణం వస్తుందనీ, దాని నడిబొడ్డున ఈ స్టేడియం ఉంటుందనీ, వాన వచ్చినా ఎండ కాసినా కప్పు కింద ఫుట్‌బాల్ ఆడతారనీ గోడ మీద రాసి ఉంది.

ప్రాజెక్టు చూసుకునే శ్రీకాంత్‌ది మేడ్చల్ దగ్గర భూములున్న కుటుంబం. ఈ స్థలంలో సగం వాళ్ళదే. ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీలోంచి లేవలేదు.

"ఒక్క గంట ఇస్త పెద్దాయనా. మీ అనుమానం తీరాలె గదా అని రానిచ్చిన. తర్వాత నాకు పనుంది."

పర్వతాలు నోట్‌బుక్ తెరిచాడు. మంగళవారం అరుణ్ ఎన్నింటికి వచ్చాడని అడిగితే పది పదికని చెప్పాడు శ్రీకాంత్. గేటు కెమెరాలో ఉంది. ఎన్నింటికి పోయాడంటే ఒకటీ ఇరవై ఐదుకి. అదీ కెమెరాలో ఉంది. హెల్మెట్ పెట్టుకుని తన బండి మీదే పోయాడు. బండి మేడ్చల్ రైల్వే స్టేషన్ బయట దొరికింది. పోలీసుల లెక్కలో ఫోను రెండున్నరకు అక్కడే ఉంది. నాలుగింటికి కామారెడ్డి, ఐదున్నరకు నిజామాబాద్. ఆ తర్వాత ఆగిపోయింది.

"హెల్మెట్‌లో మొఖం కనిపించిందా?"

"హెల్మెట్‌లో ఎవరి మొఖం కనిపిస్తది పెద్దాయనా?"

"ఆ రోజు లోపల ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. అమావాస్య. మా మేస్త్రీ గ్యాంగు అమావాస్యకు కాంక్రీటు మోసే గమేలా ముట్టది. నేనూ, ప్లాంటు కాడ ఇద్దరు మనుషులు, గంతే."

కాంక్రీటు కలిపే ప్లాంటు సైటు లోపలే ఉంది. కాబట్టి లోపల ఎంత పోసినా గేటు దగ్గర లెక్కలోకి రాదు. పర్వతాలు ఆ మాట పైకి అనలేదు. ఇరవై మూడో పునాది ఎప్పుడు పోశారని మాత్రం అడిగాడు.

శ్రీకాంత్ ముందే తీసి పెట్టుకున్నట్టుగా రిజిస్టరు తిప్పి చూపించాడు. సోమవారం. మూడింటికి మొదలు, ఏడింటికి పూర్తి. మేస్త్రీ కుర్మయ్య, ముప్పై ఎనిమిది మంది కూలీలు. కింద అరుణ్ సంతకం.

"సోమవారం పోసినం. మంగళవారం పొద్దున నీ మనిషి బండి మీద గేట్లకెల్లి లోపలికొచ్చిండు. ముందురోజు పోసిన దిమ్మెల తెల్లారి వచ్చినోడు ఎట్ల పడ్తడు? గింత మాట ఆమెకు అర్థమైతలేదు. మీకన్న కావాలె గదా."

లెక్క సరిగ్గానే ఉంది. కలవరపెట్టేంత సరిగ్గా ఉంది. పర్వతాలు మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. డోమ్ కింద ఇరవై నాలుగు కాళ్ళు, గుండ్రంగా. ఒక్క కాలు పక్కకు జరపాలంటే ఏం చేస్తారని అడిగాడు.

శ్రీకాంత్ రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. ఒకటి జరిగితే గుండ్రం పోతుందనీ, గుండ్రం పోతే డోమ్ కూర్చోదనీ, మొత్తం ప్లాను మళ్ళీ గీసి మళ్ళీ అనుమతి తేవాలనీ అన్నాడు. జరపాల్సిన అవసరమే లేదనీ, ఇరవై నాలుగూ రాయి మీదే నిలబడ్డాయనీ చివర్న కలిపాడు.

"అరుణ్ కూడా అట్లనే అన్నాడా?"

"మీ గంటల ఇరవై నిమిషాలు అయిపోయినయ్."

పన్నెండుంబావుకు పర్వతాలు కాలమ్‌ల వలయం దగ్గర ఉన్నాడు. ఇరవై వరకు కాలమ్‌లు రెండు నిలువుల ఎత్తున లేచాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండు పునాదుల దగ్గరే ఆగి ఉన్నాయి. వాటి దిమ్మెల్లోంచి ఇనుప చువ్వలు పైకి నిలబడి ఉన్నాయి, చుట్టూ పలకలు ఇంకా కట్టలేదు. ఆ రెంటినీ దాటి ఇరవై మూడుకు మాత్రం మూడు పక్కలా ఇనుప పలకలు బిగించారు. లోపల శుభ్రం చేయడానికి నాలుగో పక్క వదిలారు. భోజనాల తర్వాత అదీ మూసేస్తారు.

వరుసలో వస్తున్న పని ఇక్కడ రెండు అంగలు దూకింది. ఎందుకంత తొందర?

అతను ముందు ఇరవై ఒకటో గుంతలోకి నిచ్చెన మీద దిగాడు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఈశాన్యం మూల చువ్వకు ఛాతీ ఎత్తున పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఏ గ్యాంగైనా చేసేదే. కాంక్రీటు పోసే ముందు మేస్త్రీ కొబ్బరికాయ కొట్టి ఆ మూల చువ్వకు బొట్టు పెడతాడు. అది కాందే గమేలా లేవదు. తర్వాత పంపు గొట్టంలోంచి కాంక్రీటు కొట్టేటప్పుడు సిమెంటు పాలు ఎగిరి చువ్వల మీద పడతాయి. ఇక్కడ అలాగే పడ్డాయి. బూడిదరంగు చుక్కలు పసుపు మీద, కుంకుమ మీద గట్టిపడి ఉన్నాయి. ఇరవై రెండులోనూ అంతే.

ఇరవై మూడులో దిగి, తెరిచి ఉన్న పక్కనుంచి లోపలికి వంగాడు. ఈశాన్యం మూల చువ్వకు బొట్టు ఉంది. జేబులోంచి భూతద్దం తీశాడు. చూసి, అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

సిమెంటు చుక్కలు కింద ఉన్నాయి. బొట్టు వాటి మీద ఉంది.

అంటే ఈ దిమ్మె పోసి, ఆ చుక్కలు ఎండిన తర్వాత ఎవరో బొట్టు పెట్టారు. ముందు పెట్టలేదు. ముప్పై ఎనిమిది మంది ఉండగా బొట్టు లేకుండా పని మొదలయ్యే ప్రశ్నే లేదు. కాబట్టి పోసేటప్పుడు వాళ్ళు లేరు. వాళ్ళు లేని రోజు ఒక్కటే ఉంది. అమావాస్య. మంగళవారం. అరుణ్ లోపలికి వచ్చిన రోజు.

గుంత గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాళ్ళ కింద దిమ్మె చల్లగా ఉంది, నీళ్ళు పట్టిన గోనెసంచులు కప్పి ఉన్నాయి. సంచుల మీద ఉన్నానని గుర్తొచ్చి పక్కకు, మట్టి మీదికి జరిగాడు.

"పర్వతాలన్నా, గుంతలల్ల దిగే వయసా నీది?"

పైన, ఈ కేసు చూసే ఇన్‌స్పెక్టర్ రవీందర్ నిలబడి ఉన్నాడు. ఒకటిన్నర అయింది. రవీందర్ ఎస్సైగా కొత్తలో చేరినప్పుడు శవపంచనామా ఎలా రాయాలో దగ్గర కూర్చోబెట్టి నేర్పింది పర్వతాలే. ఆ నమ్మకంతోనే అతన్ని కిందికి పిలిచాడు. చుక్కలు, బొట్టు, ఏది పైన ఏది కింద, అన్నీ చూపించాడు. రిజిస్టరు అబద్ధమనీ, నాలుగింటికి పని ఆపించమనీ అడిగాడు.

రవీందర్ శ్రద్ధగా విన్నాడు. ఫోనుతో బొట్టును దగ్గరగా రెండు ఫొటోలు తీసుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

"పసుపు జూసి పునాది పలగ్గొట్టమంటవా? జడ్జి ముందట ఏం జెప్పాలె? సార్, బొట్టు తర్వాత పెట్టిండ్రు, అందుకని స్టేడియం కూలగొడ్తున్న అని జెప్పాల్నా?"

"బొట్టు గాదు రవీందర్, రోజు. మంగళవారం పోసిండ్రు. రాసింది సోమవారం. ఎందుకు రాసిండ్రు?"

"క్లర్కు తప్పు రాసుంటడు."

"అరుణ్ సంతకం గూడ క్లర్కే పెట్టిండా?"

రవీందర్ ముఖంలో నవ్వు పోయింది. "నువ్వు రిటైరైనవన్నా. నేను కాలే. నాకింక పద్దెనిమిదేండ్ల సర్వీసుంది. ఆ పిల్లను ఇంటికి తోలుకపో. మొగడు ఇంకోదానితోని పోయిండని చెప్పినా ఆమె కొన్నిరోజులకు మర్చిపోతది. గిది చెప్తే మర్చిపోదు."

అతను నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు. అతని మాటల్లో ఒకటి పర్వతాలుకు ఎక్కడో గుచ్చుకుంది. 'గిది చెప్తే' అన్నాడు. 'గిది అబద్ధం' అనలేదు.

మేస్త్రీ కుర్మయ్య రేకుల గుడిసె వెనక నీడలో అన్నం ముందు కూర్చున్నాడు, తినడం లేదు. యాభై దాటిన మనిషి. పాలమూరు వైపునుంచి ముప్పై ఎనిమిది మందిని తెచ్చుకుని ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు. భార్య సిద్దమ్మ పర్వతాలుకు చెంబుతో నీళ్ళిచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఆ మనిషికి వారం నుంచి ముద్ద దిగడం లేదనీ, ఏమీ అడగొద్దనీ అంది. ఈ ఊళ్ళో బంతి తన్నేవాడు ఒక్కడు లేడు గానీ బంతికి ఇంత పెద్ద ఇల్లు కడుతున్నారని తిట్టుకుంది.

పర్వతాలు చువ్వ సంగతి చెప్పి, ఆ బొట్టు ఎవరు పెట్టారని అడిగాడు. కుర్మయ్య అన్నం గిన్నె మీద మూత పెట్టాడు.

అతను చెప్పింది పెద్దగా ఏమీ లేదు. ఇరవై మూడో గుంత తవ్వినప్పుడు ఇరవై అడుగులు పోయినా రాయి తగల్లేదు. క్వారీ దుమ్ము, పగిలిన పలుగురాళ్ళు, పాత టైర్లు తగిలాయి. అది ఎప్పుడో పూడ్చిన క్వారీ గుంత. దాని మీద కాలు పెడితే డోమ్ ఒక పక్కకు ఒరుగుతుందనీ, కింద పాతిక వేలమంది కూర్చుంటారనీ అరుణ్ అన్నాడు. సంతకం పెట్టనన్నాడు. సోమవారం సాయంత్రం ఆరింటి వరకు గ్యాంగు అక్కడే చువ్వలు కట్టింది. గుంత ఖాళీగానే ఉంది. మంగళవారం వాళ్ళు పనిలోకి రాలేదు. బుధవారం పొద్దున వచ్చేసరికి దిమ్మె పోసి ఉంది.

"గుంత పక్కపొంటి ఆ పిలగాడు కొలతలు జూసే లెవెల్ మిషను నిలబడి ఉండె సారూ. మూడు కాళ్ళ మీద, మూత తీసి. ఆ పిలగాడు మూత్రానికి పోయినా దాని మీద తువ్వాల కప్పి పోతుండె. దుమ్ము వడ్తదని. గట్ల ఇడిసిపెట్టి పోయేటోడు గాదు. మిషను గుంత దిక్కు జూస్తాంది. నాకు సమజైపోయింది."

"బొట్టు?"

కుర్మయ్య చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"లోపట మనిషున్నడని ఎర్కైనంక బొట్టు పెట్టకుంట ఎట్లుంటం సారూ. అగర్‌బత్తి గూడ ముట్టిచ్చిన. ఇంకేం జెయ్యొస్తది నాతోని."

ఎవరికైనా చెప్పావా అని అడిగాడు పర్వతాలు. అడుగుతుండగానే జవాబు ఏమొస్తుందోనని అతనికి భయం వేసింది.

"ఒక్కలకే జెప్పిన. శుక్రవారం రవీందర్ సారొచ్చిండు. అంత జెప్పిన, బొట్టు పెట్టింది దప్ప. విని, కుర్మయ్యా నీ పిల్లలెంతమంది అనడిగిండు. ముగ్గురన్న. గంతే, ఇగ పోయిండు."

పర్వతాలు చెంబు కింద పెట్టాడు. రవీందర్‌కు ఆరు రోజులుగా అన్నీ తెలుసు. తెలియనిది ఆ బొట్టు ఒక్కటే. దాన్ని గంట కిందట తనే చేయి పట్టుకుని చూపించాడు, ఫొటో తీసుకునేదాకా పక్కన నిలబడ్డాడు.

రెండూ యాభైకి అతను కుర్మయ్యను మేడ్చల్ తీసుకుపోయి కోర్టులో చెప్పించడానికి ఒప్పించాడు. సిద్దమ్మ కొత్త చొక్కా వెతికి ఇచ్చింది. స్కూటరు గేటు బయట ఉంది. వాళ్ళు కాలమ్‌ల వలయం పక్కనుంచి నడుస్తుంటే జీపు అడ్డంగా వచ్చి ఆగింది. వెనకే శ్రీకాంత్ కారు. గేటు తెరిచిన ఆ రెండు నిమిషాల్లో బిందు కూడా జీపు వెనకే లోపలికి వచ్చేసింది.

రవీందర్ దిగి, అందరికీ వినిపించేట్టు, నెమ్మదిగా మాట్లాడాడు.

"అన్నా, నీ లెక్క నేనొప్పుకుంటున్న. బొట్టు తర్వాతనే పెట్టిండ్రు. అంటె లోపట మనిషున్నడని పెట్టినోనికి ముందే ఎర్క. పెట్టిందెవరు? కుర్మయ్య. గుంతలు ఎవరి చేతులల్ల ఉన్నయ్? కుర్మయ్య చేతుల. సంతకం పెడ్తలేడని గ్యాంగుకు పని ఆగిందెవరి వల్ల? అరుణ్ వల్ల. గుంత తెరిపిస్త, నాకేం కష్టం లేదు. తెరిస్తె ఈయన మీద మర్డర్ కేసు. తెర్వకుంటె లోపట ఎవ్వలు లేరు, ఈయన ఇంటికి పోతడు. ఏది గావాలె? నువ్వే చెప్పు."

పర్వతాలు ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎన్ని గడపల ముందో నిలబడి, చనిపోయినవాళ్ళ కబురు చెప్పాడు. ఒకరి శవం కోసం ఇంకొకరిని ఇచ్చేయమని ఎవరూ అడగలేదు. బిందు వైపు చూడలేకపోయాడు. కేసు నిలవదని అంటే, నిలవకపోయినా మూడేళ్లు లోపల ఉంటాడని రవీందర్ అన్నాడు. అది నిజమే.

"బొట్టు ఫొటో కోర్టుకిస్తె నీ రిజిస్టరూ పోవాలె," అన్నాడు పర్వతాలు చివరికి. "సోమవారం సంగతి బయటపడ్తది."

"రిజిస్టరు రాసింది గూడ కుర్మయ్యనేనేమో. ఎవరికి ఎర్క?"

సిద్దమ్మ భర్త భుజం మీది తువ్వాలను వెనకనుంచి పట్టుకుంది. కుర్మయ్య దాన్ని మెల్లగా విడిపించుకుని బిందు వైపు ఒకసారి చూశాడు. తర్వాత జీపు దగ్గరకు నడిచాడు.

"నేనే జేసిన సారూ. రాస్కోండ్రి. ఇగ ఆ పిలగాన్ని బయటికి తియ్యుండ్రి."

రవీందర్ ఇది ఊహించలేదు. పర్వతాలు భయపడి వెనక్కి తగ్గుతాడని లెక్కేసుకున్నాడు. ఇప్పుడు గ్యాంగంతా చూస్తుండగా ఒక మనిషి నేరం ఒప్పుకున్నాడు. తవ్వక తప్పదు. తవ్వితే మనిషితో పాటు క్వారీ దుమ్ము కూడా బయటపడుతుంది. రవీందర్ శ్రీకాంత్ వైపు చూశాడు. శ్రీకాంత్ తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా.

"ఈయననేనా కాకా?" బిందు అడిగింది.

"కాదు బిడ్డా."

"మరెందుకు జెప్తున్నడు?"

"నీ కోసం."

మూడూ ముప్పై ఐదుకు కుర్మయ్యను జీపు ఎక్కించారు. తవ్వేదాకా పని ఆపమని పర్వతాలు జీపు తలుపు పట్టుకుని అడిగాడు. ముందు స్టేట్‌మెంట్ కావాలనీ, తర్వాత పంచనామా అనీ, కంపెనీ పని ఆపడం తన చేతిలో లేదనీ చెప్పి రవీందర్ అద్దం ఎక్కించాడు. ఇద్దరు మనుషులు నాలుగో పలక మోసుకుని ఇరవై మూడు వైపు వెళుతున్నారు.

బిందు వాళ్ళకంటే ముందు నడిచింది. చెప్పులు పైనే విడిచి నిచ్చెన దిగింది. తెరిచి ఉన్న పక్కనుంచి లోపలికి దూరి, చువ్వల మధ్య, గోనెసంచుల మీద కూర్చుంది. పలక తెచ్చినవాళ్ళు దాన్ని గుంత అంచున దించి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లే బిడ్డా. ఈడ కూసుంటె ఏమైతదో తెల్వదు," అన్నాడు పర్వతాలు పైనుంచి.

"తెలిసింది గదా కాకా. ఉన్నడో లేడో తెలిసింది." ఆమె ఏడవడం లేదు. అరచేయి దిమ్మె మీద ఆనించి పెట్టింది. "ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటవ్?"

అప్పుడే గేటు దగ్గరనుంచి సిద్దమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేత్తో రోడ్డు వైపు చూపించింది. జీపు గేటు దాటింది. స్టేషన్‌కు పోవాలంటే ఎడమకు తిరగాలి. అది కుడికి తిరిగి, మనుషులు లేని పాత క్వారీల వైపు పోతోంది. వెనకే శ్రీకాంత్ కారు.

పర్వతాలు గుంత అంచున నిలబడి అటూ ఇటూ చూశాడు. కమిషనర్ ఆఫీసు నంబరుకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. స్కూటరు మీద పోతే జీపును అందుకోవచ్చేమో, అందుకోలేకపోవచ్చేమో. ఇక్కడే ఉంటే ఈమెను వీళ్ళు ఎత్తి బయట పడేయకుండా కాపాడవచ్చేమో. అతనొక్కడే.

"పో కాకా," అంది బిందు కిందనుంచి. "ఆ మేస్త్రీ ఇంక బతికున్నడు. పో."

సిద్దమ్మ నిచ్చెన పట్టుకుని గుంతలోకి దిగింది. బిందు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. పర్వతాలు గేటు వైపు పరిగెత్తాడు. రెండు కిక్కులకు స్కూటరు అందుకోలేదు, మూడోదానికి అందుకుంది. కుడికి తిప్పి రోడ్డెక్కాడు. దూరంగా జీపు లేపిన దుమ్ము కనిపిస్తోంది. టైము మూడూ యాభై రెండు.

వెనక, ప్రహరీ రేకుల అవతల, కాంక్రీటు పంపు ఇంజను స్టార్టయింది.